ఇసుకతిన్నెలపై ఇంటిబండి

తనకు కావలసిన వస్తువును తానే చేసికొనుట మానవునకు అనాదినుండి వచ్చిన అలవాటు. కుమ్మరి సారెయు, కమ్మరి కొలిమియు, వడ్రంగి బాడిసెయు ఇందులకు సాక్ష్యములు. యంత్రయుగము వచ్చిన పిమ్మట కర్మాగారములు వస్తువులను వేలకొలదిగా తయారుచేసి అంగళ్లకు పంపుచున్నవి. మోటారుకారు వంటి వస్తువును కొనవలసినదే కాని, ఇంటిలో చేసికొనుట సాధ్యము కాదని మనము తలంతుము. అయితే అమెరికాదేశమునందలి కాలిఫోర్నియా రాష్ట్రమున సామాన్య గృహస్థులు అనేకులు తమ కారుషెడ్డులలోనే ఒక విధమైన మోటారుబండిని నిర్మించుకొనిరి. దానికి ‘డ్యూన్ బగ్గీ’ అని పేరు. డ్యూన్ అనగా ఇసుకతిన్నె; బగ్గీ అనగా తేలికయైన చిన్నబండి. ఇసుకతిన్నెలపై తిరుగు తేలికబండి యని ఆ పేరునకు అర్థము.

ఇసుకలో బండి నడపుట ఎంత కష్టమో ఏటియొడ్డు గ్రామములలో నివసించువారికి చెప్పనక్కరలేదు. వేసవిలో ఎండిన ఏటిని దాటునపుడు ఎడ్లబండి చక్రములు ఇసుకలో దిగబడును. బండివాడు క్రిందికి దిగి చక్రమునకు భుజము పట్టవలసివచ్చును. బరువంతయు చక్రపు సన్నని అంచుమీద పడుటయే దీనికి కారణము. ఒంటె అట్టి ఇసుకపైననే సులభముగా నడచిపోవును. ఏలయన దాని పాదము వెడల్పైనది, మెత్తనైనది. బరువు ఎక్కువ స్థలముపై పరచుకొనిన కొలది నేలపై ఒత్తిడి తగ్గును. డ్యూన్ బగ్గీ రహస్యమంతయు ఈ చిన్న సూత్రమునందే యున్నది. బండి తేలికగా నుండవలెను. టైర్లు వెడల్పుగా నుండవలెను. వానిలోని గాలిని కొంత తగ్గించి, అవి ఇసుకపై పరచుకొనునట్లు చేయవలెను. ఇసుకపై ప్రయాణమునకు ఇంజను బలము పెంచుటకంటె బండి బరువు తగ్గించుటయే మేలైన ఉపాయము.

ఈ సూత్రమును చక్కగా గ్రహించి బండికి అందమైన రూపము కల్పించినవాడు బ్రూస్ మేయర్స్. ఆయన 1926వ సంవత్సరమున లాస్ ఏంజెలిస్ నగరమున జన్మించెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున నౌకాదళమున చేరి ‘బంకర్ హిల్’ అను విమానవాహక నౌకపై పనిచేసెను. 1945 మే 11వ తేదీన ఆ నౌకపై జపాను విమానములు ఆత్మాహుతిదాడి జరుపగా మూడువందలకు పైగా నావికులు మరణించిరి. మేయర్స్ సముద్రములోనికి దూకి ప్రాణములు దక్కించుకొనెను. యుద్ధానంతరము ఆయన ఫైబర్ గ్లాసుతో పడవలు నిర్మించు పనిలో ఆరితేరెను. ఫైబర్ గ్లాసు అనగా గాజునార. గాజును కరిగించి సన్నని దారములుగా తీయుదురు. ఆ దారముల వస్త్రమును అచ్చుపై పరచి, దానిపై రెసిన్ అను జిగురుద్రవమును పూయుదురు. అది గట్టిపడి, తుప్పుపట్టని తేలికయైన పెంకుగా ఏర్పడును. నీటిపై తేలు పడవకు ఉపయోగించు ఈ పెంకు ఇసుకపై తిరుగు బండికి ఏల ఉపయోగింపరాదని మేయర్స్ యోచించెను.

1964వ సంవత్సరమున ఆయన న్యూపోర్ట్ బీచ్ పట్టణమునందలి తన షెడ్డులో మొదటి బండిని పూర్తిచేసెను. ఎఱ్ఱరంగు గల ఆ బండి తరువాతి కాలమున ‘ఓల్డ్ రెడ్’ అని ప్రసిద్ధి చెందెను. బండి పొట్టిగా నుండుటచేత, తోక లేని పిల్లిజాతి పేరు పెట్టి దానిని ‘మాంక్స్’ అనిరి. మొదట చేసిన పండ్రెండు బండ్లలో గాజునార పెంకే బండికి చట్రముగా నుండెను. కాని ఆ పద్ధతి శ్రమతోను, ఖర్చుతోను కూడినది. కావున మేయర్స్ ఫోక్స్‌వాగన్ కంపెనీవారి ‘బీటిల్’ కారు అడుగుచట్రమునే ఆధారముగా తీసికొని, దానిపై అమర్చుటకు పెంకును మాత్రము విక్రయించు పద్ధతిని అవలంబించెను. ఈ మార్పుతో సామాన్యుడు కూడ తన ఇంటిలో బగ్గీని నిర్మించుకొనుటకు వీలు కలిగెను.

బీటిల్ కారునే ఎన్నుకొనుటకు మూడు కారణములు కలవు. దాని ఇంజను వెనుకభాగమున నుండుటచేత బరువు వెనుకచక్రములపై పడును. బండిని నడపునవియు ఆ చక్రములే గనుక అవి ఇసుకను గట్టిగా పట్టును. ఆ ఇంజను గాలితోనే చల్లబడును గాన నీరు దొరకని ఎడారిలో భయము లేదు. మూడవది, దాని పైభాగమును మరలు విప్పి అడుగుచట్రమునుండి వేరుచేయవచ్చును. పైభాగము నుగ్గైనను, అడుగుభాగము బాగుగా నున్న పాతకారు చౌకగా లభించును. ఒకరికి పనికిరాదని తోచిన వస్తువు మఱియొకరికి పెన్నిధి యగును గదా!

ఇట్టి బండిని నిర్మించుకొను దంపతులను ఒకపరి ఊహింతము. భర్త ఒక కార్యాలయమున ఉద్యోగి. భార్య పాఠశాలలో గణితము బోధించును. వారికి శని, ఆదివారములు మాత్రమే తీరిక. పాతకారును షెడ్డులో నిలిపి వారు మొదట చేయు పని విప్పుట కాదు, వ్రాయుట. ఏ తీగ ఎచ్చట కలిసినదో, ఏ మర ఎచ్చటిదో భార్య ఒక పుస్తకమున గుర్తించును; విప్పిన మరలను వేరువేరు డబ్బాలలో వేసి చీటీలు అంటించును. విప్పుటకు బలము చాలును. మరల బిగించుటకు జ్ఞాపకము కావలయును. తరువాత పెట్రోలును పూర్తిగా తీసివేసి, ట్యాంకును దూరముగా నుంచుదురు. నిప్పురవ్వలు చిమ్ము పనికి ముందు ఇది తప్పనిసరి. అటుపిమ్మట ఇరుగుపొరుగువారు ఇరువురిని పిలిచి, నలువురును నాలుగు మూలల పట్టుకొని కారు పైభాగమును ఎత్తి ప్రక్కన పెట్టుదురు. మిగిలినది చక్రములు, ఇంజను, అడుగుచట్రము మాత్రమే.

ఇక ముఖ్యమైన ఘట్టము వచ్చును. బీటిల్ ముందుచక్రముల ఇరుసునకును, వెనుకచక్రముల ఇరుసునకును నడుమ దూరము 94½ అంగుళములు. మాంక్స్ బగ్గీకి ఉండవలసిన దూరము సుమారు 80 అంగుళములు. కావున చట్రమునుండి సుమారు 14½ అంగుళముల ముక్కను కోసి తీసివేసి, ముందువెనుక భాగములను దగ్గరకు చేర్చి అతుకవలెను. పొట్టిబండి తక్కువ చోటులో మలుపు తిరుగును. తిన్నె శిఖరమున పొట్ట ఆని చిక్కుకొనదు. అయితే చట్రము నడుమ గొట్టము వంటి వెన్నెముక యొకటి యున్నది. గేరుకడ్డీ, క్లచ్చి తీగ, పెట్రోలు గొట్టము మొదలగునవి దానిలోనుండియే పోవును. కోతకు ముందు కడ్డీని, తీగలను బయటికి లాగవలెను. చట్రమును ఎంత తగ్గించిరో వానిని కూడ అంతే తగ్గింపవలెను. గేరుకడ్డీని కోసి అతుకునపుడు అది ఏమాత్రము మెలి తిరిగినను గేర్లు సరిగా పడవు.

రెండు భాగములను చేర్చిన తరువాత అవి వంకర లేకుండ నిలిచినవో లేదో తెలిసికొనుట ఎట్లు? భార్య బోధించు గణితమే ఇచ్చట అక్కరకు వచ్చును. దీర్ఘచతురస్రమున రెండు కర్ణములును సమానముగా నుండునని మీరు చదివియున్నారు. చట్రము నాలుగు మూలలయందు గుర్తులు పెట్టి, ఎదురెదురు మూలల దూరమును కొలిచినచో, ఆ రెండు కొలతలును సమానముగా నుండవలెను. మన దంపతులు కొలువగా ఒక కర్ణము పావు అంగుళము అధికముగా తేలెననుకొందము.

“ప్రొద్దు క్రుంకినది. పావు అంగుళమే గదా! అతికివేయుదము” అని భర్త యనును.

“రేపు ఆ పావు అంగుళము మీదనే మన పిల్లలు కూర్చుండెదరు. వచ్చు శనివారము మరల సరిచేసి కొలుతము” అని భార్య యనును.

ఆ మాటలో సత్యమున్నది. చట్రము వంకరయైనచో చక్రములు ఒక వరుసలో నడువవు. వేగముగా పోవునపుడు బండి ఒకప్రక్కకు లాగును. కర్మాగారమున చేసిన కారును పరీక్షించుటకు ఎందరో ఉందురు. ఇంటిలో చేసిన బండికి కట్టినవారే పరీక్షకులు. అందుచేత అతుకుపనిలో నేర్పు చాలనివారు ఆ ఒక్క పనిని అనుభవజ్ఞుడైన పనివానికి అప్పగించుట అవమానము కాదు, వివేకము.

చట్రము సిద్ధమైన పిమ్మట పని వేగముగా సాగును. బ్రేకు గొట్టములను క్రొత్తగా అమర్తురు. గాజునార పెంకును దింపి మరలతో బిగింతురు. దానికి రంధ్రములు చేయునపుడు సన్నని గాజుపొడి లేచి చర్మమును, ఊపిరిని బాధించును గాన ముఖమునకు ముసుగు, కండ్లకు అద్దములు, చేతులకు తొడుగులు ధరింతురు. బండి తలక్రిందులైనచో తలలను కాపాడుటకు సీట్ల వెనుక ఒక ఇనుపకమానును నిలుపుదురు. ఈ కమానును, నడుముపట్టీలను పెంకునకు కాక ఇనుపచట్రమునకే బిగింపవలెను. పెంకు అందమునకే కాని అంతటి దెబ్బకు ఆగదు.

ఆ తరువాత ఎవరి అభిరుచికి తగినట్లు వారు బండిని అలంకరించుకొందురు. కొందరు రెసినులోనే రంగును, మెరుగురేకుల పొడిని కలిపి పెంకును తయారుచేయింతురు. కొందరు ఎండకు గుడ్డకప్పు వేయుదురు. మన దంపతులలో భార్య సీట్లకు స్వయముగా గట్టిగుడ్డ కుట్టును. భర్త పనిముట్ల పెట్టెకు వెనుక చోటు కల్పించును. ఒకే అచ్చునుండి వెలువడిన పెంకులైనను ఏ రెండు బండ్లును ఒక్కతీరున నుండకపోవుటకు ఇదియే కారణము. వీధిలో నడుపదలచినచో దీపములు, అద్దములు, హారను అమర్చి, ప్రభుత్వాధికారులకు చూపి అనుమతి పొందవలెను.

ఇంటిలో కట్టిన బండికి బలమేమి యని శంకించువారికి 1967వ సంవత్సరము సమాధానము చెప్పెను. ఆ యేడు ఏప్రిల్ నెలలో మేయర్స్, ఆయన మిత్రుడు టెడ్ మాంగెల్స్ ‘ఓల్డ్ రెడ్’ నెక్కి మెక్సికోదేశమునందలి బాహా ద్వీపకల్పమున లాపాజ్ నుండి టిహువానా వరకు ప్రయాణము చేసిరి. రాళ్లు, ఇసుక, దుమ్ము నిండిన ఆ దారిని వారు 34 గంటల 45 నిమిషములలో దాటిరి. అంతకుముందు మోటారుసైకిలుపై స్థాపింపబడిన రికార్డును ఐదు గంటలకు పైగా తగ్గించిరి. అదే సంవత్సరము చివర ఆ ద్వీపకల్పమున జరిగిన మొదటి ‘మెక్సికన్ 1000’ పందెమున మాంక్స్ బండియే గెలుపొందెను.

కాని కీర్తి వచ్చిన వెంటనే కష్టమును వచ్చెను. మాంక్స్ పెంకును చూచి, దానిపైననే అచ్చుతీసి చౌకగా అమ్మువారు బయలుదేరిరి. మేయర్స్ తన నిర్మాణమునకు పేటెంటు హక్కు పొందియుండెను. అయితే న్యాయస్థానము ఆ హక్కు చెల్లదని తీర్పు చెప్పెను. ఇక అనుకరణలకు అడ్డు లేకపోయెను. సుమారు ఆరువేల మాంక్సులను తయారుచేసిన ఆయన సంస్థ 1971లో మూతపడెను. అనుకరణలు మాత్రము దానికి అనేకరెట్లు దేశదేశములలో వెలువడెను. ఒకని బుద్ధిఫలము లోకమునకంతకు ఆనందము నిచ్చినను, వానికి తగిన ఫలము దక్కకపోవుట విచారకరము. అయినను మేయర్స్ నిరాశకు లోబడలేదు. 2000 ప్రాంతమున భార్య విన్నీతో కలిసి ఆ వ్యాపారమును పునరుద్ధరించెను. 2014లో ‘ఓల్డ్ రెడ్’ అమెరికా జాతీయ చారిత్రకవాహనముల పట్టికలో రెండవదిగా నమోదయ్యెను. 2021 ఫిబ్రవరి 19వ తేదీన, 94 యేండ్ల వయసున, మేయర్స్ కన్నుమూసెను.

ఈ కథకు మఱియొక ప్రక్క కూడ కలదు. ఇసుకతిన్నె చూచుటకు శూన్యముగా తోచినను అది ప్రాణములేని చోటు కాదు. దానిపై మొలచు గడ్డియు, పొదలును తమ వేళ్లతో ఇసుకను పట్టియుంచును. పసిఫిక్ తీరమున స్నోయీ ప్లోవర్ అను చిన్నపక్షి ఇసుకలో గుంట చేసికొని గ్రుడ్లు పెట్టును. వాని రంగు ఇసుకరంగులో కలిసిపోవును గాన బండి నడపువానికి అవి కానరావు. ఒక్క చక్రము దొర్లినచో ఒక కుటుంబమే నశించును. ఇట్టి బండ్లు విచ్చలవిడిగా తిరుగుటచే కలుగు నష్టమును గుర్తించి, 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్, ప్రభుత్వభూములలో అవి తిరుగుటకు హద్దులు నిర్ణయింపవలెనని ఉత్తరువు చేసెను. ఆ పక్షిని కూడ 1993లో ప్రభుత్వము ఆపదలోనున్న జీవులలో చేర్చెను. నాటినుండి బగ్గీలకు ప్రత్యేకించిన తిన్నెలు కొన్ని, పక్షులకు విడిచిన తీరములు కొన్ని ఏర్పడినవి.

విద్యార్థులారా! మీరు బగ్గీని నిర్మింపకపోవచ్చును. కాని సైకిలునో, నీటిపంపునో, ఇంటిలోని విద్యుద్దీపమునో విప్పి బాగుచేయవలసిన దినము మీకు తప్పక వచ్చును. ఆనాడు విప్పుటకు ముందు గుర్తించుకొనుట, కోయుటకు ముందు మరల కొలుచుట, అనుమానము కలిగినపుడు ఆగుట, తెలియని పనిని తెలిసినవారి నడిగి చేయుట మరువకుడు. కొన్నవానికి వస్తువు వెల మాత్రమే తెలియును; చేసినవానికి దాని బలము, బలహీనత రెండును తెలియును. ఆ తెలివితోపాటు, తన చేతిపని వలన ఇతరులకు హాని కలుగకుండ చూచుకొను బాధ్యత కూడ వానిదే.

ప్రశ్నలు

1. ఇసుకపై బండి దిగబడకుండుటకు ఏ సూత్రమును అనుసరింపవలెను? ఒంటె ఉదాహరణముతో వివరింపుము.
2. డ్యూన్ బగ్గీ నిర్మాణమునకు బీటిల్ కారును ఎన్నుకొనుటకు గల కారణములేవి?
3. “రేపు ఆ పావు అంగుళము మీదనే మన పిల్లలు కూర్చుండెదరు” — ఈ మాటలు ఎవరు, ఏ సందర్భమున పలికిరి? వానిలోని భావమేమి?
4. బ్రూస్ మేయర్స్ సంస్థ మూతపడుటకు దారితీసిన పరిస్థితులను తెలుపుము.
5. నీవు స్వయముగా బాగుచేసిన లేక తయారుచేసిన ఒక వస్తువును గూర్చి పది వాక్యములు వ్రాయుము.