ఎర్ర మేపుల్ వృక్షం

అమెరికా తూర్పు రాష్ట్రాలలో గుర్రాలను పెంచే రైతు గాలివాన వెలిసిన మరునాడు ముందుగా పచ్చికబయలు చుట్టి వస్తాడు. విరిగిపడిన కొమ్మ ఎర్ర మేపుల్‌దైతే దానిని వెంటనే తొలగించాలి. ఆ వాడిన ఆకులను మేసిన గుర్రానికి రక్తంలోని ఎర్రకణాలు నశిస్తాయి, మూత్రం నల్లబారుతుంది, కొద్దిరోజులలోనే ప్రాణం పోవచ్చు. కావున ఈ చెట్టును గుర్తించడం అక్కడివారికి కేవలం వినోదం కాదు.

పేరులో ఎరుపు ఉన్నదని రంగును నమ్ముకొన్నవారు పొరపడతారు. వేసవిలో దీని ఆకులు పచ్చనివే. శరదృతువులో ఎరుపెక్కే చెట్లు ఇంకా అనేకం ఉన్నాయి. పైగా కొన్ని ఎర్ర మేపుల్‌లు పసుపువన్నెకు తిరిగి ఆకు రాలుస్తాయి.

రంగుకంటె ఆకుల అమరిక నమ్మదగినది. జిల్లేడుకువలె మేపుల్‌కు ఆకులు కణుపుకు రెండేసి ఎదురెదురుగా ఉంటాయి. ఓక్ చెట్టుకు అట్లు ఉండవు. ఇక ఎర్ర మేపుల్ ఆకు అరచేతివలె మూడు లేక ఐదు భాగాలుగా చీలి ఉంటుంది. అంచు పొడవునా రంపపు పళ్ళవంటి నొక్కులుంటాయి. చీలికల నడిమి సందు కోణంగా ఉంటుంది. పానకానికి పేరొందిన చక్కెర మేపుల్‌కు ఆ సన్నని పళ్ళు లేవు, సందు గుండ్రన. వెండి మేపుల్ ఆకు మరింత లోతుగా చీలి, అడుగున తెల్లగా మెరుస్తుంది. అయితే ఎరుపు, వెండి జాతులు సంకరమవుతాయి. అప్పుడు అనుభవజ్ఞులు సైతం తడబడతారు. తక్కిన మేపుల్‌లు పూర్తిగా నిరపాయకరమని చెప్పడానికీ వీలులేదు.

ఆకులు లేని కాలంలో పూలే ఆనవాలు. వసంతారంభంలో, చిగురు రాకముందే, కొమ్మలనిండా చిన్న ఎర్రపూలు పూస్తాయి. జంటరెక్కల కాయలు వేసవి రాకముందే పండి, గిరగిర తిరుగుతూ నేలకు దిగుతాయి. చక్కెర మేపుల్ కాయలు శరత్తు వరకు పండవు.

కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ మొదలు దక్షిణాన ఫ్లోరిడా వరకు ఈ చెట్టు సహజంగా పెరుగుతుంది. చిత్తడినేలలో ఎంత ఏపుగా ఉంటుందో పొడి మిట్టలపైనా అంతే సులభంగా నిలదొక్కుకొంటుంది. బెరడు పలుచన గనుక పూర్వం అడవి మంటలు దీనిని అదుపులో ఉంచేవి. 20వ శతాబ్దంలో మంటలను ఆర్పే ఏర్పాట్లు పెరిగిన పిదప ఇది ఓక్ వనాలలోకి చొచ్చుకువచ్చింది. దున్నడం మానిన పొలాలను ఆక్రమించింది. పచ్చికబయళ్ళ కంచెల వెంబడి కూడ మొలిచింది.