చోడియంబలియు దాసోహమును

పాడేరు నుండి ముంచింగిపుట్టునకు పోవు దారిలో పెదబయలు కలదు. ఒకప్పుడిది విశాఖపట్నము జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడిన పిదప ఆ జిల్లాలోని యొక మండల కేంద్రము. భగత, కొండదొర, కోటియ, వాల్మీకి, పోర్జ మొదలగు తెగలవా రీ కొండప్రాంతమున నివసింతురు. దాసోహమును గూర్చిన పాఠమునకు ఇంతదూరపు గిరిజన గ్రామముతో పనియేమని పాఠకులకు తోచవచ్చును. అచ్చటి వంటయింటిలో ప్రతిదినము కాగెడి అంబలియే అందులకు కారణము.

రాగులను అచ్చట చోళ్ళందురు. విసరిన చోడిపిండిని రాత్రి నీటిలో కలిపి మూతవేసి యుంచుదురు. తెల్లవారునప్పటికి అది కొంచెము పులియును. పిదప కుండలో నూకలు ఉడుకుచుండగా ఆ పులిసిన పిండిని పోసి, అడుగంటకుండ తెడ్డుతో కలియబెట్టుచు కాచుదురు. ఉప్పు, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ యున్న చాలును. పొలమునకు పోవువారు దానిని ఎండిన ఆనపబుర్రలో పోసికొని పోదురు. నూరు గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాముల సున్నము కలదని ఆహారశాస్త్రజ్ఞులు లెక్కించిరి. తెల్లబియ్యములో దానిలో ముప్పదవ వంతు కూడ ఉండదు. పులియబెట్టుటవలన ఆ ఖనిజములు దేహమునకు మరింత సులభముగా పట్టును. కొండయిల్లాలు ఈ లెక్క నెరిగి అంబలి కాచుట లేదు. ఆమె తల్లి యట్లు కాచినది, ఆమెయు అట్లే కాచుచున్నది. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించిన తరువాత పట్టణములలో ఈ అంబలియే ఫలహారశాలలకు ఎక్కి వెలగలదైనది. మంచిదే.

అంబలి యనగానే శివభక్తులకు మాదార చెన్నయ్య తలపునకు రావలెను. పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దిలో ద్విపదగా రచించిన బసవపురాణమున ఈ కథ కలదు. చెన్నయ్య కరికాల చోళుని గుఱ్ఱములకు గడ్డి కోసి తెచ్చి బ్రదుకువాడు. తన భక్తిని లోకము కంటబడనీయక, తనకున్న అంబలినే శివునకు నివేదించుచుండెడివాడు. చోళరాజో, ప్రతిదినము పంచభక్ష్యములతో పళ్ళెరము నింపి శివునకు ఆరగింపు చేయును. ఒకనాడు శివుడు రాజు పెట్టిన దానిని ముట్టలేదు. కారణ మేమనగా, చెన్నయ్యతో గూడి అంబలి ఆరగించి వచ్చినాడట. రాజు చెన్నయ్యను వెదకికొని పోయి ఆతని పాదములపై బడినాడు.

ఈ కథను మనము పలుమారులు విన్నాము, పిల్లలకు చెప్పినాము. కాని ఒక సంగతి గమనింపక దాటిపోవుచుందుము. ఇందు పెట్టినవాడు చెన్నయ్య, తిన్నవాడు శివుడు. మన మఠములలోను, ఇండ్లలోను అన్నము పెట్టుటను గూర్చి చెప్పుకొన్నంత తరచుగా, మనకంటె తక్కువవారని లోకము భావించువారి చేతినుండి తినుటను గూర్చి చెప్పుకొనము. దాసోహమను మాటకు నేను దాసుడనని యర్థము. దాతనని చెప్పుకొనువాని చేయి పైన ఉండును. దాసుని చేయి క్రింద ఉండును. కల్యాణమున మంత్రిపదవిలో నుండియు బసవేశ్వరుడు తన వచనములలో తాను చెన్నయ్య యింటివాడనని చెప్పుకొనుట ఊరక వినయమునకు చెప్పినది కాదు. ఎవరి ఇంట ఎవరు తినవచ్చునను ప్రశ్న ఆ 12వ శతాబ్దిలో రాజ్యమునే కదలించు ప్రశ్న.

నేడును అది పూర్తిగా తీరిన ప్రశ్న కాదు. ఉపాధ్యాయులుగానో, ఇతర ఉద్యోగులుగానో కొండ మండలములకు పోయిన మనవారు కలరు. సంతలో పసుపు, కందులు, చింతపండు కొందురు. పండుగనాడు పల్లెవారికి పులిహోర పంచుదురు. అయితే పల్లెలో ఒక ముసలమ్మ దొప్పలో అంబలి పోసి అందించినప్పుడు, ఇప్పుడే తిని వచ్చితిమి తల్లీ అని తప్పించుకొనువా రెందరు! శాకాహార నియమము కలవారము గదా అని సమాధానము చెప్పుదురు. ఆ యిండ్లలో మాంసము కలదు, జీలుగుకల్లు కలదు. మన నియమము ప్రకారము అవి మనము పుచ్చుకొనరానివి. నిజమే. కాని ఆహారనియమము వేరు, మనుష్యునియెడ అంటు పాటించుట వేరు. చోడిపిండి, నూకలు, ఉప్పు, నీరు. వీనిలో ఏ నియమమునకు భంగము కలదు?

నియమమును విప్పి చెప్పినచో కొండవారు నొచ్చుకొందురని భయపడ నక్కరలేదు. వారికి కొత్తల పండుగలు కలవు. కొర్ర కొత్త, సామ కొత్త, కంది కొత్త యని ఒక్కొక్క పంటకు ఒక్కొక్క కొత్త. పంట చేతికి వచ్చినను, గ్రామదేవతకు నివేదించి కొత్త జరుపుకొనువరకు దానిని నోట పెట్టరు. ఇంటిముందు పండిన ధాన్యమును చూచుచు దినములు ఆగగల జనులకు, ఒక వస్తువును తినమను మాట వింతగా తోచదు. పెట్టినదేదియు తినకుండుటయే వారికి వింత. (కొండజాతులలోను ఎవరి చేతి కూడు ఎవరు తినరాదను పట్టింపులు లేకపోలేదు, వారి లోపము మన లోపమునకు సాకు కాజాలదు.)

ఆయ్దక్కి మారయ్య కథయు ఇచ్చట స్మరింపదగినది. రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి జంగమదాసోహము నడపుట ఆతని కాయకము. ఒకనాడు ఆతడు నిత్యము తెచ్చుదాని కంటె ఎక్కువ తేగా, భార్య లక్కమ్మ ఆ యధికమును మరల తీసికొనిపోయి అచ్చటనే పోసి రమ్మనెను. పంచుటకే తెచ్చినను, కావలసినదానికి మించి తెచ్చినది దాసోహమునకు పనికిరాదని ఆమె నిర్ణయము. కొండ యిండ్లలో ఒక పూటకు చాలినంత పిండియే విసరి, అందులోనే అతిథికి ఒక దొప్ప తీయు ఇల్లాండ్రను చూచినవారికి లక్కమ్మ మాట కఠినముగా తోచదు. ఆ దొప్ప మిగులునుండి వచ్చినది కాదు, ఆమె వంతునుండి వచ్చినది. దానిని కాదనుటలో గల బరువు ఇంతయని మనము తెలియవలెను.

పెద్దయెత్తున దాసోహము నడపిన మఠములకును రాగి దూరము కాదు. తుమకూరు సిద్ధగంగా మఠమున శివకుమార స్వామివారు (1907–2019) అన్న, అక్షర, ఆశ్రయములను త్రివిధ దాసోహముగా నడపిరి. కులమత భేదము లేక వేలాది విద్యార్థులు అచ్చట ఒకే పంక్తిని రాగిముద్దయు సాంబారును భుజింతురు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలోను 2023 మార్చి నుండి పిల్లలకు రాగిజావ పోయ నారంభించిరి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యపు పథకము వచ్చినది మొదలు కొండలలో వరియన్నము గౌరవమైనదిగను, అంబలి లేమికి గుర్తుగను ఎంచు చిన్నవారు పెరిగిరి. అధికారి యింటివాడు తమ గడపలో కూర్చుండి అంబలి త్రాగుట అట్టి పిల్లవాడు చూచినచో, ఉపన్యాసము వలన కాని పని కొంత కావచ్చును.

ఆచరణకు ఒకటి రెండు సూచనలు. కొండయింటికి పోవునప్పుడు మన గిన్నె మనము తీసికొనిపోవుట మానవలెను. అడ్డాకు దొప్ప ప్రతివారికి క్రొత్తదియే. మాంసము వలదని ముందుగా, నెమ్మదిగా చెప్పవలెను. తరువాత పెట్టినదానిని ఇంటివారి ప్రక్కనే కూర్చుండి తినవలెను. వారిని మన యింటికి పిలిచిననాడు వాకిట విస్తరి వేయక, పిల్లలు పెద్దలు కూర్చుండు పంక్తిలోనే వేయవలెను. వడ్డన ముగియువరకు ఇంటి యజమానియు వారితో కూడ ఆగవలెను.