తుంగయు గురుగులును

పాఠ్యభాగము: మత్తయి 13:24–30, 36–43, హెబ్రీ. 12:15

రాయపూర్‌లో ఇంటిముందు పచ్చిక పెంచువారందరు తుంగను ఎరుగుదురు. జూన్ నెలలో వానలు ఆరంభమైన కొద్ది దినములకే పూలమడుల అంచులను, పచ్చిక నడుమను అది తల యెత్తును. చూచుటకు గడ్డివలె నుండును గాని, పూకాడను వ్రేళ్ల మధ్య త్రిప్పినచో మూడు పలకలు తగులును. లెరాయ్ హోల్మ్ మొదలగు శాస్త్రజ్ఞులు 1977లో ప్రపంచపు కలుపుమొక్కలను గూర్చి వ్రాసిన గ్రంథములో దీనికే మొదటి స్థానమిచ్చిరి.

దాని బలము ఆకులో లేదు. నేలలోని గడ్డలో ఉన్నది. సన్నని భూగర్భకాండములు గడ్డను గడ్డతో గొలుసువలె కలుపును. పైమొక్కను లాగినచో అది తెగి చేతికి వచ్చును, గడ్డ మిగిలి మరల మొలచును. గనుక తోటమాలి మే నెలలో, ఎండ 40 డిగ్రీలు దాటు దినములలో, పూలమడిని జానెడు లోతు త్రవ్వి గడ్డలను యెండబెట్టును. వానలు పడిన పిమ్మట మొలకలను, అవి క్రొత్త గడ్డలు కట్టకముందే, గడ్డతో కూడ తీయుచుండును. ఒక యేటితో ముగియు పని కాదు. గ్లైఫోసేట్ చల్లినచో పచ్చిక కూడ చచ్చును. పైగా 2022లో కేంద్ర ప్రభుత్వము దాని వాడకమును తెగుళ్ల నివారణ వృత్తిలోనున్నవారికే పరిమితము చేసెను. (వైద్యులు తుంగముస్తలని మందులలో వాడునవి ఈ గడ్డలే.)

హెబ్రీ పత్రిక చేదైన వేరును గూర్చి హెచ్చరించునది ఇట్టి దానినే. అన్నదమ్ములు బల్లయొద్ద కలిసి కూర్చుందురు. పొలము గట్టు తగవు మాత్రము లోపల ఉండనే యుండును. పెండ్లి పిలుపులు వచ్చినప్పుడెల్ల అది మొలచును. పైమాటల సమాధానము ఆకు త్రుంచుట వంటిదే.

అట్లయిన మత్తయి 13లో యజమానుడు దాసులను ఏల ఆపెను? ఇచ్చట తెలుగు పాఠకునికి ఒక చిక్కు కలదు. మన గురుగు కూర వండుకొను ఆకు. గోధుమతో దానికి పోలిక లేదు. గ్రీకు మూలములోని ‘జిజానియ’ అనునది, వెన్ను తీయువరకు గోధుమవలెనే కనబడు గడ్డి. రాయపూర్ రైతునకు ఈ ఉపమానము మనకంటె సులభముగా బోధపడును. అతని వరిచేలో ‘కరగా’ అను నివ్వరి మొలచును. లేతదశలో వరికిని దానికిని భేదము తెలియదు. అందుకే రాయపూర్‌లోని ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయము ఊదారంగు ఆకుల ‘శ్యామల’ వరివంగడమును రూపొందించెను. ఆ చేలో పచ్చగా నున్నది కలుపని తెలియును. ‘బియాసి’ పద్ధతిలోనైతే నెల దాటిన పైరులోనే నాగలి నడిపింతురు. కలుపుతో కొంత వరియు పోవును. రైతు దానిని ఓర్చుకొనును.

ఉపమానములోని యజమానుడు ఓర్చుకొనడు. ఒక్క గోధుమ మొక్కయు పోరాదని అతని పట్టుదల. అగస్టీను దొనాతిస్టులతో వాదించుచు ఈ పొలమును సంఘమునకు అన్వయించెను. యేసు ఇచ్చిన వివరణలోనైతే పొలము లోకము (38వ వచనము). గనుక సంఘక్రమశిక్షణ వద్దనుటకు ఈ భాగమును చూపువారు మత్తయి 18:15–17 కూడ చదువవలెను. దోషిని ఒంటరిగా కలిసి మాటలాడుట అచ్చట మొదటి మెట్టు, వెలివేత చివరిది. మనవారు తరచుగా చివరి మెట్టునుండి ఆరంభింతురు.

మరియొక సంగతి. పెరికివేయుదుమా అని అడిగినవారు దాసులు. కోతకాలమున ఆజ్ఞ పొందువారు కోతగాండ్రు. మూలములో ఇవి రెండు వేరు పదములు. కోతగాండ్రు దేవదూతలని 39వ వచనము చెప్పుచున్నది.