ఎం.ఎస్. వైకల్యం: కొలిచే తీరు

మల్టిపుల్ స్క్లీరోసిస్ (ఎం.ఎస్.)లో రోగనిరోధక వ్యవస్థే మెదడు, వెన్నుపాములోని నాడీతంతువుల పైపొర మైలిన్‌ను దెబ్బతీస్తుంది. వైకల్యం ఎంత పెరిగిందో చెప్పడానికి ఎక్కువగా వాడే కొలబద్ద ఈడీఎస్ఎస్ (ఎక్స్‌పాండెడ్ డిజెబిలిటీ స్టేటస్ స్కేల్). అమెరికా నాడీవైద్యుడు జాన్ కర్ట్‌జ్కీ 1955 నాటి తన కొలతనే విస్తరించి 1983లో దీన్ని ప్రకటించాడు. 0 అంటే పరీక్షలో లోపమేమీ లేదు. 10 అంటే ఈ వ్యాధితో మరణం.

4 నుంచి పెత్తనమంతా నడకదే. ఊతం లేకుండా, ఆగకుండా 500 మీటర్లు నడవగలిగితే 4, 200 మీటర్లే అయితే 5. 100 మీటర్లకు చేతికర్ర కావలసివస్తే 6. చక్రాల కుర్చీకే పరిమితమైతే 7. చేతుల పనితనం, జ్ఞాపకశక్తి ఇందులో సరిగా పట్టుబడవు. దీనికి తోడుగా 25 అడుగుల నడకనూ, తొమ్మిది రంధ్రాల్లో పుల్లలు గుచ్చి తీయడాన్నీ సెకన్లలో కొలుస్తారు. వ్యాధి తిరగబెట్టినప్పుడు స్కోరు పెరిగి మళ్ళీ తగ్గవచ్చు. 3 లేదా 6 నెలల తర్వాతా నిలిచిన పెరుగుదలనే లెక్కలోకి తీసుకుంటారు.

మన దేశంలో 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఎం.ఎస్. ఒకటి. ఆంధ్రప్రదేశ్‌లో దీనికి సదరం వైకల్య ధ్రువపత్రం ఆధారం. అక్కడ లెక్క శాతాల్లో ఉంటుంది, ప్రామాణిక వైకల్యానికి హద్దు 40. ఈడీఎస్ఎస్ 4ను 40 శాతమనుకుంటే పొరపాటే.