ఐరన్ మాత్రలు: ఎన్ని, ఎలా, ఎంతకాలం?

"మలం నల్లగా వస్తోంది సిస్టర్, భయమేసి మాత్రలు మానేశాను" అని మా గర్భిణీ స్త్రీల ఓ.పి.లో తరచుగా వింటుంటాము. ఐరన్ మాత్రలు వాడేవారికి మలం నల్లబడటం మామూలే. శరీరం పీల్చుకోగా మిగిలిన ఇనుము అలా బయటకు పోతుంది. తారులా జిగటగా, దుర్వాసనతో వస్తే, లేక ఎర్రటి రక్తం కనిపిస్తే మాత్రం వెంటనే డాక్టరుకు చూపించాలి. నల్లరంగు చూసి మాత్రలు మానేస్తేనే నష్టం. రక్తం తక్కువగా ఉన్న తల్లి కాన్పులో కొద్దిపాటి రక్తస్రావానికి కూడా తట్టుకోలేదు.

గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత అంటాము. 7కు తగ్గితే ఆసుపత్రిలోనే చికిత్స చేయించుకోవాలి.

ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మి.గ్రా. ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. (ఈ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన అమెరికా లెడర్లీ బృందానికి సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే!) నాలుగో నెల నుండి రోజుకొకటి చొప్పున కనీసం 180 రోజులు, కాన్పు తర్వాత మరో 180 రోజులు వాడాలి. రక్తహీనత ఉంటే డాక్టరు రెండు వాడమంటారు. నిన్న మరచిపోయామని ఈ రోజు కలిపి వేసుకోకండి.

మందుల షాపులో కొనే మాత్రల అట్ట మీది అంకె చూసి మోసపోవద్దు. ఫెర్రస్ సల్ఫేట్ 200 మి.గ్రా. అని ఉంటే అందులో అసలు ఇనుము సుమారు 65 మి.గ్రా. మాత్రమే. ఆ మాత్రతో పాటు పక్కింటివారు చెప్పిన టానిక్ కూడా తాగితే మోతాదు మించిపోవచ్చు.

మన సికింద్రాబాదులో ఇరానీ చాయ్‌తో మాత్ర మింగేవారూ ఉన్నారు! టీ, కాఫీ, పాలు ఇనుమును ఒంటబట్టనివ్వవు. వాటికీ మాత్రకూ గంటైనా ఎడం ఉండాలి. కాల్షియం మాత్రకైతే రెండు గంటలు. నిమ్మరసంతో వేసుకుంటే మంచిది. పరగడుపున వికారంగా ఉంటే భోజనం తర్వాత వేసుకోండి. మలబద్ధకానికి నీళ్ళు, ఆకుకూరలు, జామపండు.

నెలరోజులకు హిమోగ్లోబిన్ కనీసం 1 గ్రాము పెరగాలి. పెరగకపోతే కడుపులో నులిపురుగులా, ఎక్కడైనా రక్తం పోతోందా అని డాక్టరు పరీక్షిస్తారు. ఓపిక వచ్చింది కదా అని మానకండి. రక్తం సరిపడా పెరిగాక కూడా, శరీరంలో ఇనుము నిల్వలు నిండడానికి మరికొన్ని నెలలు పడుతుంది.

మాత్రల డబ్బా పిల్లలకు అందనిచోట పెట్టండి. ఎర్రగా మెరిసే ఆ మాత్రలు వారికి చాక్లెట్లలా కనిపిస్తాయి. కొన్ని మింగినా ప్రాణాపాయం. వాంతులు మొదలయ్యేదాకా ఆగకుండా అట్టతో సహా బిడ్డను వెంటనే ఎమర్జెన్సీకి తీసుకురండి.