మురుగే మేతగా నడిచే రోబో
సూరత్ నగరపాలక సంస్థ 2003లో అంజనా మురుగునీటి శుద్ధి కేంద్రంలో 0.5 మెగావాట్ల విద్యుత్ ప్లాంటు నెలకొల్పింది. గాలి తగలని ట్యాంకుల్లో సూక్ష్మజీవులు మురుగు మడ్డిని కుళ్లబెట్టి మీథేన్ విడుదల చేస్తాయి; దాన్ని ఇంజన్లలో మండించి కరెంటు తీస్తారు.

ఇదే మేతతో రోబో నడవగలదా? నడవగలదని బ్రిటన్‌లోని బ్రిస్టల్ శాస్త్రవేత్తలు 2010లో ఎకోబాట్-3తో చూపారు. ఇందులో మంట లేదు. సూక్ష్మజీవ ఇంధన ఘటాల్లో బ్యాక్టీరియా ఆహారాన్ని జీర్ణించుకుంటూ ఎలక్ట్రాన్లను వదులుతాయి. వాటి ప్రవాహమే విద్యుత్తు. తానే మేత తీసుకుని, వ్యర్థాన్ని విసర్జిస్తూ ఆ రోబో 7 రోజులు పనిచేసింది.

అయితే వచ్చే శక్తి అత్యల్పం. కూడబెట్టుకోవాలి, కాస్త కదలాలి, మళ్లీ ఆగాలి. ఘటాల సామర్థ్యం పెరిగితే, మనిషి దిగకూడని మురుగు కాలువల్లో బ్యాటరీ మార్చే పనిలేని రోబోలు తిరగగలవు.