తలుపు ఏ వైపు తెరుచుకుంటుంది? – కట్టడ నియమాలు, అగ్ని భద్రతపై ఒక పాఠం



ఈ పేజీల్లో మనం తరచుగా చక్కెర వ్యాధి గురించి, రక్తపోటు గురించి, బాలింతల ఆహారం గురించి చెప్పుకుంటూ ఉంటాం. ఈసారి గోడలు, మెట్లు, తలుపుల గురించి చెప్పుకుందాం. ఆరోగ్య పత్రికలో ఈ సంగతి ఎందుకని మీకు అనిపించవచ్చు. మంచం మీద నుంచి లేవలేని మనిషి ఉన్న చోట నిప్పు అంటుకుంటే, ఆ మనిషి ప్రాణం మందు మీద కాక మెట్ల వెడల్పు మీద, తలుపు గడియ మీద ఆధారపడుతుంది. అందువల్ల ఇదీ ఆరోగ్య పాఠమే.

భవనాలను తనిఖీ చేసి, నియమాలను అమలు చేయించే ఉద్యోగులకు ఇప్పుడు ఆన్‌లైన్‌లో కూడా శిక్షణ ఇస్తున్నారు. మా సిబ్బందిలో కొందరు అటువంటి పాఠాలు విన్నారు. వాటిలో మీకూ పనికివచ్చే విషయాలను ఇక్కడ సులువుగా చెబుతున్నాం.

నియమావళి అంటే ఏమిటి?

మన దేశంలో భవనాలు ఎలా కట్టాలో చెప్పే పెద్ద గ్రంథం జాతీయ భవన నియమావళి. దీన్ని 1970లో మొదటిసారి ప్రచురించారు. ఆ తర్వాత 1983లో, 2005లో, 2016లో సవరించారు. ఇందులో నాలుగో భాగం పూర్తిగా అగ్ని భద్రత, ప్రాణ రక్షణ గురించే. ఈ గ్రంథం తనంతట తాను చట్టం కాదు. రాష్ట్రాలు, పురపాలక సంఘాలు తమ నియమాల్లో చేర్చుకున్నప్పుడు దానికి చట్టబలం వస్తుంది.

మన తెలుగు ప్రాంతంలో ఇందుకు ఆధారం 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టం. 18 మీటర్లు, అంతకు మించి ఎత్తున్న నివాస భవనాలు, 15 మీటర్లు దాటిన వ్యాపార భవనాలు అగ్నిమాపక శాఖ నుంచి నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. పాఠశాలలు, సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్లు, ప్రార్థనా స్థలాలు వంటి జనం గుమిగూడే భవనాలకు ఈ హద్దు ఇంకా తక్కువ. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఎత్తు 6 మీటర్లు ఉన్నా ఆ పత్రం కావాలి.

ఆన్‌లైన్ పాఠాల్లో ఏం నేర్పుతారు?

అగ్నిమాపక అధికారుల శిక్షణకు దేశంలో పేరున్న సంస్థ నాగపూర్‌లోని జాతీయ అగ్నిమాపక కళాశాల. అది 1956లో మొదలైంది. గొట్టం పట్టడం, నిచ్చెన ఎక్కడం, పొగలో పాకుతూ వెళ్లడం వంటివి మైదానంలోనే నేర్చుకోవాలి. అయితే నియమాలను చదివి అర్థం చేసుకోవడం, భవనం నక్షాలో లోపం పట్టుకోవడం వంటివి ఇంటి దగ్గరో ఆఫీసులోనో కూర్చుని కూడా నేర్చుకోవచ్చు. 2020లో కోవిడ్ వల్ల తరగతి గదులు మూతపడినప్పుడు ఈ పద్ధతి బాగా పెరిగింది. ప్రభుత్వ ఉద్యోగుల కోసం కేంద్రం అదే సంవత్సరం మిషన్ కర్మయోగి పథకాన్ని ఆమోదించింది. దాని కింద ఐగాట్ కర్మయోగి అనే వేదిక మీద రకరకాల ఆన్‌లైన్ పాఠాలు నడుస్తున్నాయి. అమెరికాలో తనిఖీదారులు ఒకసారి సర్టిఫికెట్ సంపాదించి ఊరుకుంటే చాలదు. దాన్ని పునరుద్ధరించుకోవడానికి మళ్లీ మళ్లీ చదువుకోవాలి. ఆ చదువులో చాలా భాగం ఆన్‌లైన్‌లోనే సాగుతుంది.

పాఠంలో ఒక భవనం నక్షా చూపిస్తారు. ఎక్కడ తప్పు ఉందో కనిపెట్టమంటారు. తర్వాత ఫొటో చూపించి, ఇక్కడ నోటీసు ఇవ్వాలా వద్దా అని అడుగుతారు. చివర పరీక్ష ఉంటుంది. వీటన్నిటిలో మళ్లీ మళ్లీ వచ్చే పాఠం ఒకటుంది. ప్రతి నియమం వెనుకా ఎక్కడో ఒక చోట పోయిన ప్రాణాలు ఉన్నాయి.

మొదటి పాఠం: మంట కంటే పొగ ముందు చంపుతుంది

అగ్నిప్రమాదంలో చనిపోయినవారు కాలి చనిపోయారని అనుకుంటాం. చాలామంది విషయంలో అది నిజం కాదు. మంట వారి దగ్గరకు రాకముందే పొగ వస్తుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు, వాసన లేవు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. అప్పుడు ఊపిరి ఆడుతున్నా ఒంటికి ఆక్సిజన్ అందదు. తల తిరుగుతుంది, అయోమయం కలుగుతుంది, తలుపు ఎదురుగా ఉన్నా దారి తోచదు.

ఇక్కడ ఒక ముఖ్య విషయం. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటరు ఈ విషాన్ని గుర్తించలేదు. పొగ పీల్చిన మనిషికి 98 అని చూపించినా నమ్మకండి. తలనొప్పి, వాంతి, మగత ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద విద్యుత్ వాహనాల షోరూమ్‌లో నిప్పు పుట్టింది. పైన ఉన్న లాడ్జిలోకి మెట్లదారి గుండానే పొగ ఎక్కింది. 8 మంది చనిపోయారు. పొగను అడ్డుకునే తలుపు లేకపోతే మెట్లదారే పొగ గొట్టం అవుతుంది. మెట్లకు గోడ, తలుపు ఉండాలని నియమం చెప్పేది ఇందుకే.

రెండవ పాఠం: మూడు ప్రమాదాలు, మూడు నియమాలు

1. ఏ స్థలాన్ని దేనికోసం అనుమతించారో దానికే వాడాలి. 2011 డిసెంబరు 9 తెల్లవారుజామున కోల్‌కతాలోని ఆమ్రి ఆసుపత్రిలో బేస్‌మెంటులో నిప్పు అంటుకుంది. అది వాహనాలు నిలపడానికి అనుమతించిన చోటు. అక్కడ తగలబడే సామాను నిల్వ చేశారు. పొగ పై అంతస్తుల వార్డులకు పాకింది. సుమారు 90 మంది చనిపోయారు. వారిలో చాలామంది లేవలేని రోగులు. కేరళ నుంచి వచ్చిన ఇద్దరు యువ నర్సులు తమ వార్డులోని రోగులను బయటకు చేరవేస్తూ, చివరకు తామే ఆ పొగకు బలయ్యారు. వారి త్యాగాన్ని మనం గౌరవిస్తాం. కానీ నియమం పాటించి ఉంటే వారికి ఆ అవసరమే వచ్చేది కాదు.

2. భవనం పని మారితే మళ్లీ తనిఖీ జరగాలి. 2020 ఆగస్టు 9న విజయవాడలో కోవిడ్ రోగులను ఉంచిన ఒక హోటల్‌లో మంటలు చెలరేగి 10 మంది చనిపోయారు. హోటల్‌లో దిగేవారు లేచి నడవగలవారు. రోగులు అలా కాదు. మనుషులు మారితే భవనం నుంచి మనం కోరేది కూడా మారుతుంది. ఆ సంవత్సరం దేశంలో ఇంకా కొన్ని ఆసుపత్రుల్లో ఇటువంటి ప్రమాదాలు జరిగాయి. ప్రతి కోవిడ్ ఆసుపత్రికీ నెలకు ఒకసారైనా అగ్ని భద్రతా తనిఖీ జరపాలని సుప్రీంకోర్టు డిసెంబరులో ఆదేశించింది.

3. బయటపడే దారి ఒక్కటే ఉండకూడదు. 2025 మే 18న హైదరాబాద్ పాతబస్తీలోని గుల్జార్ హౌజ్ దగ్గర కింద దుకాణాలు, పైన కాపురాలు ఉన్న భవనంలో నిప్పు అంటుకుంది. లోపలికి దారి ఇరుకు. పైకి ఒకటే మెట్లదారి. 17 మంది చనిపోయారు. అందులో 8 మంది పిల్లలు.

ఆసుపత్రికి నియమాలు ఎందుకు వేరు?

ఇంట్లో నిప్పు పుడితే అందరూ బయటకు పరుగెత్తుతారు. ఆసుపత్రిలో అది కుదరదు. కాలు విరిగినవారు, ఆపరేషన్ అయినవారు, కృత్రిమ శ్వాస మీద ఉన్నవారు, నెలలు నిండని పసికందులు ఉంటారు. అందువల్ల రోగిని కిందికి దించడం కంటే ముందు పక్కకు తరలించమని శిక్షణలో చెబుతారు. అదే అంతస్తులో, నిప్పును ఆపే గోడ, తలుపు దాటి అవతలి భాగంలోకి మంచంతో సహా తోసుకుపోవాలి. ఆ తర్వాత సమయాన్ని బట్టి కిందికి దించాలి. ఇందుకోసమే 10 పడకలకు మించిన ఆసుపత్రిలో మెట్ల వెడల్పు కనీసం 2 మీటర్లు ఉండాలంటారు. స్ట్రెచర్ మోసేవారు మలుపు తిరగాలి కదా.

ఆక్సిజన్ సంగతీ గుర్తుంచుకోండి. మామూలు గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం. మూసి ఉన్న గదిలో గొట్టాల నుంచి అది కారుతూ ఉంటే ఈ శాతం పెరుగుతుంది. అప్పుడు దుప్పటి, దిండు, తలవెంట్రుకలు కూడా చిన్న నిప్పురవ్వకే భగ్గుమంటాయి.

తెర మీద నేర్చుకోలేనిది

ఆన్‌లైన్ చదువు దూరపు ఊళ్లో ఉన్న ఉద్యోగికీ అందుతుంది, ఖర్చు తక్కువ, అర్థం కాకపోతే పాఠం మళ్లీ వినవచ్చు. ఇవన్నీ మంచివే. కానీ తలుపును తోసి చూడడం తెర నేర్పదు. నక్షాలో అత్యవసర ద్వారం 1 మీటరు వెడల్పు ఉంటుంది. అక్కడికి వెళ్లి చూస్తే దానికి తాళం ఉంటుంది, తాళం చెవి ఇంటికి వెళ్లిన వాచ్‌మన్ జేబులో ఉంటుంది. గోడకు మంటలార్పే సిలిండరు ఉంటుంది, దాని ముల్లు ఎర్రగీతలో ఉంటుంది. కాగితం మీద అంతా సరిగానే ఉంటుంది.

అమలు అంటే ఇదే. కాగితానికీ తలుపుకూ మధ్య ఉన్న దూరాన్ని నడిచి చూడడం. తనిఖీకి వచ్చిన అధికారిని చూసి మనం విసుక్కుంటాం. ఏదో ఒకటి చెప్పి పంపించేద్దామనుకుంటాం. రక్తపరీక్ష చేసే మనిషి వేలికి సూది గుచ్చినప్పుడు కూడా నొప్పిగానే ఉంటుంది. అయినా ఆ పరీక్షలో బయటపడిన జబ్బుకు వైద్యం చేయించుకుంటాం. నోటీసును కూడా అలాగే చూడాలి.

మీరు చేయగలిగినవి

తనిఖీదారు ఏడాదికి ఒకసారి రావచ్చు. మీరు రోజూ వస్తారు. అందుకే ఈ చూపు మీకూ ఉండాలి.

– ఆసుపత్రికి వచ్చినప్పుడు మెట్లమీద, నడవాలో చాపలు, సంచులు, టిఫిన్ క్యారియర్లు పెట్టకండి. ఆ దారిలోనే రేపు మీవారి స్ట్రెచర్ వెళ్లాలి.

– వార్డులో చేరగానే రెండు బయటి దారులు చూసుకోండి. తెలియకపోతే నర్సమ్మగారిని అడగండి.

– ఆక్సిజన్ ఉన్న చోట అగరుబత్తి, కొవ్వొత్తి, బీడీ, సిగరెట్ వెలిగించకండి. వార్డులో స్టవ్ పెట్టి పాలు కాచకండి.

– పెళ్లి హాలుకు, సంఘ కూటానికి వెళ్లినప్పుడు తలుపులు బయటికి తెరుచుకుంటాయో లేదో చూడండి. జనం ఒక్కసారిగా తోసుకొస్తే లోపలికి తెరుచుకునే తలుపు తెరుచుకోదు. తాళం వేసి ఉంటే పెద్దలకు చెప్పి తీయించండి.

– ఇంట్లో మెట్ల కింద గ్యాస్ బండ, పాత పేపర్లు ఉంచకండి. రాత్రిపూట మెట్ల కింద స్కూటర్ చార్జింగ్ పెట్టకండి.

– నిప్పు కనిపిస్తే లిఫ్టు ఎక్కకండి. పొగలో వంగి, నేలకు దగ్గరగా వెళ్లండి. వెనుక తలుపు మూసుకుంటూ పోండి. 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి.

మీరే పరీక్షించుకోండి

1. పొగ పీల్చిన మనిషికి ఆక్సీమీటరు 98 చూపిస్తే సరిపోతుందా? ఎందుకు?
2. వార్డులో పొగ వస్తే రోగిని ముందు ఎటు తరలించాలి?
3. మీ ఇంటి నుంచి రాత్రివేళ బయటపడడానికి రెండో దారి ఉందా?

మొదటి రెండింటికి జవాబులు ఈ పేజీలోనే ఉన్నాయి. మూడోదానికి జవాబు మీ ఇంట్లో ఉంది. ఈ సాయంకాలం పిల్లలను వెంటబెట్టుకుని ఇల్లంతా ఒకసారి తిరిగి, ప్రతి తలుపూ తెరిచి చూడమని కోరుతున్నాం.